శనివారం మీటింగులో వెనక తలుపు

“...తీస్తే మీరే తీసుకోండ్రి సాబ్, నేను మాత్రం ముట్ట. పెద్దసాబ్ ఇంకా లేవలే అందులకెల్లి.”

“ఏం మాటలు బాబు మియా ఇవి? మనిషిని పెట్టెలో పెట్టి ఊరికి పంపించింది మనమే గదా. ఇంకెవురు లేయల్ల?”

“ఎవరు లేవాల్నో నాకేం ఎరుక. మీకంత తొందరుంటే నెత్తిన పెట్టుకొని ఘాలా స్టోరుకు మోసుకపోండ్రి. చాయ్ చల్లారుతది, జరగండ్రి.”

మీటింగు రూము గుమ్మంలో షంషాద్ ఆగిపోయింది. చేతిలో ఫైలు గుండెకు ఆనించుకుని ఉంది. లోపల ఆఫీసుకు చాయ్ కాచే బాబు మియా ట్రే పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు ఎదురుగా ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి వీరబ్రహ్మం. ఇద్దరి మధ్యా ఆ కుర్చీ. ముదీర్ కూర్చునే చోటికి ఎడమ పక్క, గోడవైపు. సీటు మీద నీలం గుడ్డ కుట్టిన దిండు, నడుము ఆనే చోట వెలిసిపోయి ఉంది. ఆఫీసులో అందరూ పెద్ద మేనేజరును ముదీర్ అనే అంటారు. ఆయన ఒమానీ, తక్కువ మాట్లాడే మనిషి. ఆయన పక్కన ఆ కుర్చీలో కూర్చుని ఇరవై ఏళ్లకు పైగా మీటింగులు నడిపింది సెక్రటరీ ఇస్రాయేలు. బాబు మియాకు పెద్దసాబ్ ఆయనే.

ఆమెను చూసి ఇద్దరూ మాట ఆపేశారు. వీరబ్రహ్మమే ముందు తేరుకున్నాడు.

“నువ్వన్నా చెప్పుమ్మే. ఇంగ నువ్వే గదా సెక్రటరీ. కూర్చుంటావా అందులో?”

ప్రింటరు పక్కన తన స్టూలు ఉందనీ, తనకు అది చాలనీ అంది షంషాద్. బాబు మియా కప్పులు సర్దడం మొదలుపెట్టాడు. ఖాళీ కుర్చీ ముందు కూడా ఒక కప్పు పెట్టి, పెట్టిన సంగతి తెలిసి, మళ్లీ ట్రేలోకి తీసుకున్నాడు. అందులో చక్కెర లేదు.

అప్పటికి ఇస్రాయేలు పోయి రెండు శనివారాలు గడిచాయి. ఇది మూడోది.

షంషాద్‌ది రాయచోటి. తండ్రి దర్జీ. బి.ఏ. చదివింది, టైపు నేర్చుకుంది. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, రాయమంటే రాసేది, మాట్లాడమంటే మాత్రం వచ్చేది కాదు. మస్కట్‌కు వచ్చింది ఇంటి పనికి. దార్సైట్‌లో ఒక కుటుంబానికి వాళ్ల ముసలమ్మను చూసుకునే మనిషి కావలసి వచ్చింది. ముసలమ్మ చనిపోయాక ఆ ఇంటాయన, ఊరికే పంపేయడం ఇష్టం లేక, తాను అకౌంట్లు చూసే కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టాడు. అజైబాలో ఆఫీసు, ఆ వెనక వీధిలోనే ఆడవాళ్ల ఫ్లాటు. ఫోను మోగితే ఆమెకు వచ్చిన మాటలు రెండే. ఎస్ సర్, హోల్డ్ సర్. ఆ రెండిటితోనే ఏడాది నెట్టుకొచ్చింది.

ఇస్రాయేలు అది గమనించాడు. నరసాపురం పక్క మనిషి. పొట్టిగా, ఎప్పుడూ పూర్తి చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు. శుక్రవారం రువిలో చర్చికి, మిగతా రోజులు ఆఫీసుకు. ఘాలా క్యాంపులో గది. పెళ్లి చేసుకోలేదు. ఆయన ఇంగ్లీషు గొప్ప ఇంగ్లీషేం కాదు. ముదీర్‌కు, మలయాళీ ఇంజినీర్లకు, ఫిలిప్పీనో స్టోరుకీపరుకు, అందరికీ ఒక్కలాగే అర్థమయ్యే ఇంగ్లీషు. మీటింగుకు కావలసిన మాటలు ఎన్ని ఉంటాయో అన్నీ ఆయన దగ్గర ఉన్నాయి, అంతకు మించి ఒక్కటి లేదు.

“భాషంతా నేర్చుకుంటానంటే నీ వల్లా కాదు, నా వల్లా కాదమ్మాయ్,” అన్నాడు మొదటి రోజే. “మీటింగు అంటే గుళ్లో పూజ లాంటిదనుకో, మీ మసీదులో నమాజు లాంటిదనుకో. ఏ మాట ఎప్పుడు అనాలో ముందే రాసిపెట్టుంది. అది అనేసి ఊరుకోవడమే.”

మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు ఖాళీ మీటింగు రూములో చెప్పించేవాడు. ఆయన ఒక వాక్యం అనేవాడు, ఆగేవాడు. ఆ ఆగిన చోట ఆమె అదే వాక్యం అనాలి. దయచేసి అందరూ కూర్చోండి. ఆగేవాడు. పోయిన వారం మినిట్స్ అందరూ చదివినట్టే భావిస్తున్నాం. ఆగేవాడు. తరవాతి ఐటమ్, సర్. ఆగేవాడు. తప్పు పలికితే సరిదిద్దేవాడు కాదు. మళ్లీ తానే అనేవాడు, మళ్లీ ఆగేవాడు. ఆమె గొంతు ఆయన గొంతు వెనకాలే నడిచి నడిచి, కొన్ని నెలలకు అడుగు తడబడకుండా నడిచింది. ఒకసారి ఆయన జ్వరపడి రాకపోతే మీటింగు నడిపింది కూడా. ముదీర్ తలెత్తి చూసి, నువ్వు అచ్చం ఇస్రాయేలు లాగే మాట్లాడుతున్నావు అన్నాడు. ఆమె పొంగిపోయింది.

తరవాత ఆయన ఒక క్యాసెట్ నింపి ఇచ్చాడు. డిక్టేషన్‌కు వాడే పాత టేప్ రికార్డరు, దానితో పాటు. అందులోనూ అంతే. ఒక వాక్యం, దాని వెనక ఆమె కోసం వదిలిన ఖాళీ.

ఒక్క వాక్యం మాత్రం అందులో లేదు. ఇవ్వలేదని ఆమెకు తెలుసు, ఎందుకు ఇవ్వలేదో కూడా తెలుసు.

ఘాలా క్యాంపు నుంచి పనివాళ్లను సైట్లకు మోసే బస్సుకు వెనక తలుపు గడియ పడదు. ఒకనాటి పొద్దున రౌండబౌట్ దగ్గర మలుపు తిరుగుతుంటే ఆ తలుపు దానంతటదే తెరుచుకుంది. ఓబులేసు అనే మేస్త్రీ టిఫిన్ క్యారియర్ జారి రోడ్డు మీద దొర్లి, వెనక వస్తున్న టిప్పరు చక్రం కింద రేకైపోయింది. దాన్ని అందుకోబోయిన ఓబులేసును పక్కనున్నవాళ్లు నడుం పట్టి లాగారు. ఇస్రాయేలు ఆ బస్సులోనే, ముందు సీట్లో ఉన్నాడు. అప్పటి నుంచి ఇనప తీగతో తలుపు కట్టేసి నడుపుతున్నారు.

ఆ శనివారమే దాన్ని మీటింగులో పెట్టాడు. గడియ దుబాయ్ నుంచి రావాలన్నాడు వీరబ్రహ్మం. వచ్చే శనివారం అదే మాట, ఆ పై శనివారం అదే మాట. ముదీర్‌కు ఒక నియమం ఉంది. ఏ ఐటమ్ గురించయినా వరసగా మూడు మీటింగుల్లో ఎవరూ నోరు తెరవకపోతే అది పోయినట్టే, పుస్తకంలోంచి కొట్టేయాల్సిందే. లేకపోతే మీటింగులు తెమలవు. అందుకని ఇస్రాయేలు ప్రతి శనివారం, అందరూ లేవబోతున్న వేళ, ఒక్క వాక్యం అనేవాడు. సర్, ఒక ఐటమ్ వచ్చే వారానికి పోతోంది. కోపం ఉండేది కాదు, బతిమాలడమూ ఉండేది కాదు. గడియారం గంట కొట్టినట్టు అనేవాడు. వీరబ్రహ్మం చూపు కప్పులోకి దించుకునేవాడు. బస్సు అద్దెది, బాగుందని ముదీర్‌కు మాట ఇచ్చి తెచ్చింది తనే.

ఆ వాక్యం కూడా నేర్పమని షంషాద్ ఒకసారి అడిగింది.

“అది నాదమ్మాయ్,” అన్నాడు ఇస్రాయేలు. “నేనున్నంతకాలం నేనే అడుగుతాను. నీకెందుకు ఆ తలనొప్పి? నీ మొగుడు ఆ వీరబ్రహ్మం చెయ్యి కిందే ఉన్నాడు కదా.”

జూన్ నెలలో ఒక పొద్దున ఆయన బస్సు దగ్గరికి రాలేదు. గదిలో నిద్రలోనే పోయాడు.

ఆ తరవాతి శనివారం షంషాద్ మీటింగు నడిపింది. వాక్యాలన్నీ వాటి వేళకు వచ్చాయి. ప్రతిదానికీ ముందు ఆయన గొంతు వినిపించేది. బయట నుంచి కాదు, చెవుల వెనక ఎక్కడి నుంచో, టేపు గరగరతో సహా. ఆయన అనేవాడు, ఆగేవాడు, ఆమె పైకి అనేది. అలా చివరిదాకా వచ్చింది. ముదీర్ ఫైలు మూస్తూ, వచ్చే వారానికి పోయేవి ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. అడిగి ఖాళీ కుర్చీ వైపు చూసి, ఆమె వైపు తిరిగాడు.

ఆమె ఎదురుచూసింది. నోరు కొంచెం తెరిచే ఉంది. ఆయన ఇప్పుడు అంటాడు, వెనకాలే తను అంటుంది. ఏసీ మోగుతోంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆయన అనలేదు.

“ఎవరి కోసం చూస్తున్నావు?” అన్నాడు ముదీర్. లేచి వెళ్లిపోయాడు.

బయట వరండాలో వీరబ్రహ్మం ఆమెను ఆపి, మెల్లగా, మంచి పని చేసినావు పాపా అన్నాడు. చనిపోయినాయనకు చాదస్తం ఎక్కువనీ, నువ్వు తెలివైనదానివనీ, నీ మొగుడు జిలానిని వచ్చే నెల స్టోరులోకి మారుస్తాననీ అన్నాడు. తను తెలివితో ఊరుకోలేదని చెప్పడానికి షంషాద్‌కు మాట దొరకలేదు. తెలుగులో కూడా.

ఆ వారమంతా సాయంత్రాలు టేపు వింటూ కూర్చుంది. ఒకవైపు పాఠం అయిపోయాక రెండో వైపు ఏముందో ఎన్నడూ వినలేదు. తిప్పి పెట్టింది. అక్కడ ఒకటే వాక్యం, పెద్ద గొంతుతో. ఈ ఐటమ్ ముగిసినట్టు నమోదు చేస్తున్నాం, సర్. ఆ వెనక ఆమె కోసం ఖాళీ. తరవాత పాఠం లేదు. ఆయన ఆపడం మరిచిపోయినట్టున్నాడు. కుర్చీ కిర్రుమంది. దగ్గాడు. చక్కెర వెయ్యకు బాబు మియా అన్నాడు. అడుగులు దూరమయ్యాయి. ఆ తరవాత ఖాళీ రూము, ఏసీ చప్పుడు, టేపు అయిపోయేదాకా. మనిషి లేని ఆ రూమును ఆమె చివరి వరకూ వింది. కాసేపటికి చూసుకుంటే, ఆయన దగ్గిన చోట తానూ దగ్గి ఉంది.

ఫ్లాటులో పక్క మంచం రజియాది. ఒక ఇంట్లో వంటకు పోతుంది.

“నిద్దట్లో ఎవురితోనో మీటింగు పెడతాండావు మ్మే,” అంది పొద్దున. “అందరినీ కూర్చోమంటివి. నేను లేచి కూర్చుంటి. తీరా చూస్తే చాయ్ లేదు.”

షంషాద్ నవ్వింది. నవ్వాక, నేను ఇంకేమన్నా అంటినా అని అడిగింది. ఏదో అంటివి, నాకేం తెలుస్తాది ఇంగిలీసు అంది రజియా.

రెండో శనివారం కూడా అంతే అయింది. ఈసారి ముదీర్ కుర్చీ వైపు చూడలేదు.

నిన్న శుక్రవారం నమాజు అయ్యాక జిలాని ఘాలా నుంచి వచ్చాడు. ఇద్దరూ అజైబా బీచిలో నడిచారు. పెళ్లయి ఆరేళ్లు, ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే కంపెనీలో. కలిసి ఉండేది మాత్రం శుక్రవారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా, ఈ ఇసక మీద. వాళ్లలో వాళ్లు తురకం, అంటే ఇంటి ఉర్దూ, మాట్లాడుకుంటారు, కోపం వస్తే తెలుగులోకి దిగుతారు.

చేతులు చూపించమంది. అరచేతిలో అడ్డంగా గీతలు, కొన్ని పచ్చివి.

రోజూ బస్సులో చివర ఎక్కేది తనేనని చెప్పాడు జిలాని. అందరూ ఎక్కాక తలుపు లాగి తీగ చుట్టి, దాని పక్క సీట్లోనే కూర్చుంటాడు. ఎండ ముదిరేకొద్దీ తీగ వదులవుతుంది, మధ్యలో ఒకసారి బిగించాలి. ఆ పని తనకు ఎవరూ చెప్పలేదట. ఓబులేసు చేసేవాడు, అతను సెలవు మీద పోతూ తీగ ఇతని చేతికి ఇచ్చాడు. అంతే.

రేపటితో ఆ ఐటమ్ పుస్తకంలోంచి పోతుందని ఆమె చెప్పింది. తను ఒక్క మాట అంటే ఉంటుందని కూడా చెప్పింది.

జిలాని అరచేతులు జేబుల్లో పెట్టుకుని నడిచాడు.

“నువ్వు నోరు తెరిస్తే, నేనే చెప్పించినానంటారు,” అన్నాడు చివరికి, తెలుగులో. “నాకు వీసా ఇప్పించింది వీరబ్రహ్మం. ఆయప్పే స్టోరులోకి మారుస్తానన్న్యాడు. నాలుగు వారాలు ఓపిక పట్టు. నేను ఆ బస్సే ఎక్కను.”

“నువ్వు ఎక్కవు. తీగ ఎవురి చేతికిచ్చి పోతావు?”

“నా ముడి మీద నాకు నమ్మకముంది షంషాద్. ఇన్ని దినాలు పట్టుకున్న్యాది.”

“ఇస్రాయేలు సార్ కూడా ఇన్ని దినాలు పట్టుకున్న్యాడు.”

అలలు వచ్చి పోతున్నాయి. ఒక అలకూ ఇంకో అలకూ మధ్య నీళ్లు ఆగే చోట ఆమె పెదవులు కదులుతున్నాయి. అతను చూశాడు. ఎవరితో మాట్లాడతాండావు అన్నాడు. ఎవరితోనూ కాదంది. మొగుడికి ఆమె చెప్పిన అబద్ధాల్లో అది మొదటిదేం కాదు. కానీ దాని తరవాత మాత్రం పెదవులు గట్టిగా మూసుకుంది.

ఇప్పుడు, మూడో శనివారం, చాయ్ కప్పులు సర్దడం అయింది. ఇంజినీర్లు వచ్చారు. ఒకాయన తన ల్యాప్‌టాప్ వైరు అందడం లేదని ప్రింటరు పక్కనున్న స్టూలు మీద పెట్టుకున్నాడు. షంషాద్ ఫైలు పట్టుకుని నిలబడింది. కూర్చోవడానికి ఉన్నది ఒకటే. ముదీర్ వచ్చాడు, నిలబడ్డ ఆమెను చూశాడు, చేత్తో ఆ కుర్చీ చూపించాడు.

కూర్చుంది. దిండు మెత్తగా లేదు. ఎవరో అప్పుడే లేచిపోయినట్టు మధ్యలో పల్లం ఉంది. గుమ్మంలో బాబు మియా తల వంచుకున్నాడు.

దయచేసి అందరూ కూర్చోండి. చెవుల వెనక ఆయన అన్నాడు, ఆగాడు. ఆమె అంది. పోయిన వారం మినిట్స్. అన్నాడు, ఆగాడు, అంది. సిమెంటు, క్రేను, కొత్త సైటుకు నీళ్ల ట్యాంకరు. తరవాతి ఐటమ్, సర్. తరవాతి ఐటమ్, సర్. ఆయన ముందు, ఆమె వెనక. ఇంతకాలం నడిచిన దారే.

ముదీర్ పేజీ తిప్పాడు. వేలు ఒక వరస మీద ఆగింది. ఘాలా బస్సు, వెనక తలుపు. మూడు వారాలయింది, దీని గురించి ఎవరైనా మాట్లాడేది ఉందా అన్నాడు. వీరబ్రహ్మం కప్పులోకి చూస్తున్నాడు.

ఈసారి ఇస్రాయేలు గొంతు వచ్చింది. స్పష్టంగా, టేపు రెండో వైపు పెద్ద గొంతుతో వచ్చింది. ఈ ఐటమ్ ముగిసినట్టు నమోదు చేస్తున్నాం, సర్. అని ఆగింది.

ఆ ఖాళీ ఆమెది. దాన్ని ఎట్లా నింపాలో ఆమె నోటికి తెలుసు. నాలుక అప్పుడే ఆ మొదటి మాట దగ్గరికి వెళ్లింది. కుర్చీ కిర్రుమంది. అది టేపులోదో, తన కిందదో తెలియలేదు. ఇప్పుడు దగ్గుతాడు అనుకుంది. దగ్గు రాలేదు. ఏసీ చప్పుడు, అందరూ ఉన్నా ఎవరూ లేని ఆ రూము. జిలాని అరచేయి గుర్తొచ్చింది, గీతలు కాదు, ఆ గీతల మధ్య తీగ వదులయ్యే చోటు.

“సర్,” అంది.

ఆ మాటకు ముందు ఎవరి గొంతూ లేదు. తన గొంతు తనకే కొత్తగా, రాయచోటి బడిలో నిలబెట్టి చదివించిన పిల్ల గొంతులా వినిపించింది. ఒక ఐటమ్ వచ్చే వారానికి పోతోంది, సర్ అంది. ఇస్రాయేలు అన్నట్టు అనలేదు. మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

వీరబ్రహ్మం తలెత్తాడు. ఆ ఐటమ్ పెట్టినాయన ఇప్పుడు లేడనీ, లేని మనిషి పేరు మీద ఐటమ్ వచ్చే వారానికి ఎట్లా పోతుందనీ ఇంగ్లీషులో ముదీర్‌తో అన్నాడు. ఆమె వైపు చూడలేదు. ఆ మాట నిజమే. ప్రతి ఐటమ్ పక్కనా పెట్టినవాళ్ల పేరు ఉండాలి. ముదీర్ తల ఊపాడు.

“ఎవరి పేరు రాయాలి?” అని అడిగాడు షంషాద్‌ను. “ఆ బస్సులో పోయేవాళ్లు ఎవరైనా నీకు చెప్పారా?”

వీరబ్రహ్మం ఇప్పుడు ఆమె వైపే చూస్తున్నాడు.

“ఎవరూ చెప్పలేదు సర్. నా పేరు రాయండి.”

“నువ్వు ఆ బస్సు ఎప్పుడైనా ఎక్కావా?”

“లేదు సర్.”

ముదీర్ పెన్ను మూత పెట్టి తీశాడు, మళ్లీ పెట్టాడు. గడియ ఎప్పుడొస్తుందని వీరబ్రహ్మాన్ని అడిగాడు. వస్తుంది సర్, దుబాయ్ నుంచి, అన్నాడతను. ఆ జవాబు అక్కడున్న అందరికీ నోటికి వచ్చు. ఒక ఇంజినీరు గడియారం చూసుకున్నాడు. బాబు మియా ట్రే తీసుకుపోవడానికి లోపలికి వచ్చి, ఎవరూ లేవకపోవడం చూసి, అక్కడే నిలబడిపోయాడు.

ముదీర్ ఫైలు తన వైపు తిప్పుకుని, ఇస్రాయేలు పేరు మీద ఒక గీత గీసి, పక్కన ఆమె పేరు తన చేత్తోనే రాశాడు. రాసి, అందరికీ వినబడేలా చెప్పాడు.

“ఐటమ్ ఉంటుంది. రేపటి నుంచి షంషాద్ పొద్దునే ఘాలా వెళ్తుంది. ఆ బస్సు ఎక్కి, వెనక తలుపు పక్క సీట్లో కూర్చుని వస్తుంది, ప్రతి రోజూ. వచ్చే శనివారం ఏం చెబుతుందో విని, అప్పుడు చూద్దాం.”